గూళ్లు పెరిగాయి సరే, అది మనం చేసిన పని వల్లేనా? పక్క చెరువు లెక్కతో తేల్చే పద్ధతి

అడిగింది ఇదీ: తిరుపతి జిల్లాలో నాయుడుపేట, సూళ్లూరుపేట మధ్య ఒక ఊరి చెరువు. అందులో నీటిలో నిలిచి పెరిగే పాత కడప చెట్ల మీద ఏటా గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. 2022 వేసవిలో ఊరివాళ్లు అటవీ శాఖతో కలిసి 300 కడప మొక్కలు నాటారు, పక్షులు గూళ్లు పెట్టుకోవడానికి 40 వెదురు మంచెలు కట్టారు, గూళ్ల కాలానికి ఒక కాపలా మనిషిని పెట్టారు. అంతకుముందు మూడు సీజన్లలో గూళ్లు 62, 84, 41. ఆ తర్వాత మూడు సీజన్లలో 79, 96, 110. ఈ చివరి మూడింటిలో మంచెల మీద ఉన్నవి 6, 15, 24. "41 నుంచి 110కి, అంటే రెండున్నర రెట్లు దాటింది అని నివేదికలో రాయొచ్చా? 12 కిలోమీటర్ల దూరంలో ఇంకో చెరువు లెక్క కూడా ఉంది (38, 50, 29, 47, 52, 57). కానీ అక్కడ మేం ఏ పనీ చేయలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాం" అన్నారు.

రాయొద్దండి. పనికిరాదని మీరు పక్కన పెట్టిన ఆ రెండో చెరువు లెక్కే మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది. మీ పని ఫలితమేంటో చెప్పగలిగేది అదొక్కటే.

ముందు ఆ 41 సంగతి చూద్దాం. అది 2021–22 సీజన్. 2021 నవంబరు వానలు తిరుపతినీ నెల్లూరునీ ఎలా ముంచెత్తాయో ఈ వైపు ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. మీరేమీ చేయని రెండో చెరువులో కూడా ఆ ఏడాది గూళ్లు 50 నుంచి 29కి పడిపోయాయి. అంటే ఆ ఏడు దెబ్బతిన్నది మీ చెరువొక్కటే కాదు. ఇక్కడ ఒక చిక్కుంది. పక్షులు బాగా తగ్గిన ఏడాదే ఊరికి బాధ కలుగుతుంది, అప్పుడే సంరక్షణ పనులు మొదలవుతాయి. అయితే అలాంటి చెడ్డ ఏడాది తర్వాత వచ్చే ఏడాది ఎవరూ ఏమీ చేయకపోయినా మామూలు స్థాయికి కాస్త తేరుకుంటుంది. అట్టడుగు ఏడాదిని మొదటి మెట్టుగా పెట్టుకుని లెక్క వేస్తే ఏ పథకమైనా గెలిచినట్టే కనబడుతుంది. కాబట్టి 41తో 110ని పోల్చడం మానేసి, ముందు మూడేళ్ల సగటుని తర్వాత మూడేళ్ల సగటుతో పోల్చండి. ముందు సగటు 62.3, తర్వాత 95. పెరుగుదల 52 శాతం. 168 శాతం అనుకున్నది ఒక్క అడుగులోనే 52కి దిగింది.

ఇప్పుడు రెండో చెరువు. ముందు సగటు 39, తర్వాత 52. అక్కడ మొక్కలు లేవు, మంచెలు లేవు, కాపలా లేదు. అయినా 33 శాతం పెరిగింది. వాన, చెరువుల్లో నీరు, పులికాట్‌లో చేప, ఇంకా మనకు తెలియని సవాలక్ష కారణాలు రెండు చెరువుల మీదా ఒకేలా పనిచేశాయి. ఆ 33 శాతం మీ ఖాతాలో వేసుకోకూడదు. మీ 1.52 రెట్లను అక్కడి 1.33 రెట్లతో భాగిస్తే 1.14 వస్తుంది. మీ పని వల్ల వచ్చిందని చెప్పుకోగలిగింది సుమారు 14 శాతం. ముందు–తర్వాత, పని చేసిన చోటు–చేయని చోటు అనే నాలుగు గళ్ల పోలిక ఇది. జీవావరణ శాస్త్రంలో దీన్ని 'బాసీ' (బిఫోర్–ఆఫ్టర్–కంట్రోల్–ఇంపాక్ట్) పద్ధతి అంటారు.

దీన్ని ఇంకొంచెం గట్టిగా, ఏడాదికి ఏడాది జత కట్టి చేయొచ్చు. ఎక్సెల్ చాలు. ప్రతి సీజన్‌కీ మీ చెరువు గూళ్లను రెండో చెరువు గూళ్లతో భాగించండి. ముందు మూడేళ్లకు 1.63, 1.68, 1.41 వస్తాయి. తర్వాత మూడేళ్లకు 1.68, 1.85, 1.93. ఈ ఆరింటికీ సహజ లాగరిథమ్ తీయండి (ఎక్సెల్‌లో ఎల్‌ఎన్ ఫంక్షన్): 0.490, 0.519, 0.346, తర్వాతివి 0.519, 0.613, 0.657. ముందు సగటు 0.452, తర్వాతి సగటు 0.597, తేడా 0.145. దాన్ని తిరిగి మామూలు అంకెలోకి మారిస్తే 1.16, అంటే 16 శాతం. ఇందాకటి 14కీ దీనికీ తేడా సగటు తీసే పద్ధతి వల్ల వచ్చింది, కంగారు పడకండి. లాగరిథమ్ ఎందుకంటే పక్షుల సంఖ్యలు కూడికతో కాకుండా రెట్లతో మారతాయి. మంచి ఏడాది వస్తే 60 గూళ్ల చెరువుకి, 40 గూళ్ల చెరువుకి చెరో పది పెరగవు, రెండూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి.

ఇక అనిశ్చితి. ప్రతి గుంపులో మూడు విలువలు తమ సగటు నుంచి ఎంత దూరంగా ఉన్నాయో చూసి, ఆ దూరాల వర్గాలను కూడండి. ముందు గుంపుకి 0.0170, తర్వాతి దానికి 0.0100. రెండూ కలిపి 4తో భాగిస్తే 0.00675. దాన్ని మూడింట రెండు వంతులతో గుణించి వర్గమూలం తీస్తే 0.067, ఇదే ప్రామాణిక దోషం. 95 శాతం భరోసాతో అవధి చెప్పాలంటే దీన్ని 'టీ' పట్టికలోని విలువతో గుణించాలి; నాలుగు స్వేచ్ఛాంశాలకు (ఆరు విలువల్లోంచి రెండు సగటులు పోగా మిగిలినవి) అది 2.776. గుణిస్తే 0.186. తేడా 0.145కి అటూ ఇటూ 0.186 అంటే –0.041 నుంచి 0.331 వరకు. మామూలు భాషలో చెప్పాలంటే, మీ పని ఫలితం 4 శాతం తగ్గుదల నుంచి 39 శాతం పెరుగుదల వరకు ఎక్కడైనా ఉండొచ్చు. నడిమి అంచనా 16. సున్నా ఇంకా ఆ అవధిలోనే ఉంది.

ఇది చూసి మీవాళ్లు నీరసపడతారేమో. పడనక్కర్లేదు. ఫలితం లేదని ఈ లెక్క అనడం లేదు. మూడు మూడేళ్లతో తేల్చలేమంటోంది, అంతే. ఇదే ధోరణి ఇంకో మూడు సీజన్లు కొనసాగితే, ఏటేటి ఊగిసలాట కూడా ఇంతే ఉంటే, అవధి 1 శాతం నుంచి 33 శాతం దాకా కుదురుకుంటుంది. అప్పుడు కింది కొస సున్నాని దాటుతుంది. అంటే పథకం గురించి గట్టిగా ఒక మాట చెప్పడానికి ఆరేళ్లు పడుతుంది. మూడేళ్ల నిధులకు మూడో ఏడు చివర 'విజయం' ధ్రువపత్రం అడిగేవాళ్లకి ఈ లెక్క ముందే చూపించడం మంచిది. వేచి ఉండే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. ముందు కాలాన్ని వెనక్కి పొడిగించండి. 2019కి ముందటి లెక్కలు రేంజి కార్యాలయం పాత రిజిస్టర్లలోనో, పక్షుల ఫొటోలు తీసేవాళ్ల దగ్గరో దొరకొచ్చు. వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్ దాకా ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా. నేలపట్టు, పులికాట్ ఉత్తర భాగం, సూళ్లూరుపేట, నాయుడుపేట అన్నీ పాత కాగితాల్లో నెల్లూరు కిందే ఉంటాయి. తిరుపతి జిల్లా పేరుతో వెతికితే ఏమీ లేదనుకుని వెనక్కి వచ్చేస్తారు.

అంకెలు ఒక ఎత్తు, ఆ ఫలితం ఏ దారిన వచ్చిందన్నది ఇంకో ఎత్తు. మీ లెక్కలో నాకు బాగా నచ్చిన భాగం మంచెల మీది గూళ్లను విడిగా రాయడం. చాలామంది ఆ పని చేయరు. ఇప్పుడు చూడండి. రెండో చెరువు మారిన తీరులోనే మీ చెరువూ మారి ఉంటే 2022–23లో 75 గూళ్లు, మరుసటేడు 83, ఆ తర్వాత 91 ఉండాలి (62.3ని ఆ ఏడాది రెండో చెరువు లెక్కతో గుణించి 39తో భాగించాలి). నిజంగా ఉన్నవి 79, 96, 110. మిగులు 4, 13, 19. మంచెల మీద ఉన్నవి 6, 15, 24. రెండు వరుసలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. అదనంగా వచ్చినవి ఎక్కడ కూర్చున్నాయో కూడా తెలిసిపోయింది. మూడేళ్లకూ కలిపి మిగులు 36, మంచెల గూళ్లు 45. అంటే మంచెల మీద గూడు కట్టిన జంటల్లో ఐదింట ఒక వంతు, మంచె లేకపోయినా ఏ చెట్టు కొమ్మనో చూసుకుని ఉండేవి. మిగతావి చోటు లేక ఆగిపోయే జంటలు కావచ్చు. అవధి సున్నాని తాకుతున్నా మంచెలు పనిచేస్తున్నాయనే వైపు నేను మొగ్గుతున్నది ఈ పొందిక చూసే.

మొక్కల సంగతి వేరు. 2022లో నాటిన కడప మొక్క 2025కి గూడబాతు గూటిని మోయలేదు. నాలుగైదు కిలోల పక్షి, దాని జత, ఎదిగే పిల్లలు, పుల్లల గూడు అన్నీ కలిపి ఆ బరువుకి ముదురు కొమ్మ కావాలి, దానికి చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇప్పటి పెరుగుదలలో మొక్కల వాటా సున్నా. నివేదికలో మొక్కల గురించి రాయాల్సింది బతికినవెన్ని, ఎత్తు ఎంత, మొదలు చుట్టుకొలత ఎంత, పశువులు తిన్నవి, నీట మునిగి చచ్చినవి ఎన్ని అని. ప్రతి మొక్కకీ అంకె వేసిన రేకు బిళ్ల కట్టి ఏడాదికోసారి కొలిస్తే చాలు. ఆ పాత చెట్లను కూడా అలాగే ఒక్కొక్కటిగా నమోదు చేయండి. ఏళ్ల తరబడి గూళ్లున్న చెట్టు రెట్టల దెబ్బకి కొమ్మకొమ్మగా ఎండిపోతుంది. మీ మంచెల మీది గూళ్లు పెరుగుతున్నంత వేగంగా పాత చెట్లు పోతుంటే మొత్తం అంకె కదలకుండా ఉండి మిమ్మల్ని మోసం చేస్తుంది. వెదురు మంచె కూడా రెండు మూడు వానాకాలాలకు పుచ్చిపోతుంది. ఏటా అక్టోబరులో నిలిచి ఉన్న మంచెలెన్నో రాయకపోతే "40లో 24" అనే భాగహారానికి అర్థం ఉండదు. 40లో పది కూలిపోయి ఉంటే అది 30లో 24, ఆ రెండింటి కథా వేరు.

కాపలా మనిషి చేసిన మేలు ఈ లెక్కలో ఎక్కడా కనబడదు. కాపలా వల్ల గూళ్లు పెరగడం కన్నా పెట్టిన గూళ్లు నిలవడం ముఖ్యం. పిల్లలు ఎగిరేదాకా ఎన్ని గూళ్లు నిలిచాయో మీరు కొలవలేదు. నన్నడిగితే మీ పథకంలో ఉన్న అతిపెద్ద లోటు ఇదే. ఎందుకంటే చెరువు నిండా గూళ్లుండి పిల్లలు మాత్రం బతకని చోటు పక్షులకి ఉచ్చు లాంటిది. అక్కడ లెక్క పెరుగుతుంటే సంబరపడటం పొరపాటు.

గూళ్ల నిలకడని కొలవడంలో అందరూ జారే చోటొకటి ఉంది. ఉదాహరణకి 40 గూళ్లను గమనించారు, 8 పాడయ్యాయి, కాబట్టి 80 శాతం నిలిచాయి అంటారు. ఆ 40లో చాలావాటిని మీరు చూసేసరికే గుడ్లు పెట్టి మూడు వారాలై ఉంటుంది. అంతకుముందే పాడైపోయిన గూళ్లు మీ కంటికి ఆనలేదు. బతికి ఉన్నవే లెక్కలోకి వచ్చాయి. 1961లో మేఫీల్డ్ అనే అమెరికన్ పక్షి పరిశీలకుడు దీనికి తేలికైన మందు చెప్పాడు. గూళ్లను కాకుండా గూటి–రోజులను లెక్కపెట్టమన్నాడు. ఒక గూటిని మీరు 25 రోజులు గమనిస్తే అది 25 గూటి–రోజులు. 40 గూళ్లకీ కలిపి 1,000 గూటి–రోజులు, 8 నష్టాలు అనుకుందాం. రోజుకి నష్టం 0.008, నిలకడ 0.992. గూడబాతు గుడ్లు పొదగడానికి 30 రోజుల పైన పడుతుంది, పిల్లలు ఆ తర్వాత మూడు నెలలకు తక్కువ కాకుండా గూటి దగ్గరే ఉంటాయి. మొత్తం 120 రోజులనుకుని 0.992ని 120 సార్లు గుణిస్తే 0.38. 80 శాతం అనుకున్నది నిజానికి 38 శాతం. రోజుకి వెయ్యికి ఎనిమిది అంటే చిన్నదిగానే ఉంటుంది, నాలుగు నెలల్లో అది కొండంతవుతుంది. పొదిగే కాలానికీ పిల్లల కాలానికీ నష్టం ఒకేలా ఉండదు కాబట్టి రెండింటికీ విడివిడిగా లెక్క వేసి చివర గుణించండి. ఒక గూడు రెండు సందర్శనల మధ్య పాడైతే, పాడైన రోజు తెలియదు కాబట్టి ఆ విరామంలో సగం రోజులే కలపాలి. ఇంతకు మించి లోతుగా వెళ్లాలంటే 'లాజిస్టిక్ ఎక్స్‌పోజర్' నమూనా ఉంది. అందులో కాపలా ఉన్న వారాలు, లేని వారాలు, మంచె, చెట్టు అన్నీ వివరణలుగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆ గూళ్లను లెక్కపెట్టే తీరు. గూడబాతులన్నీ ఒకే రోజు గూళ్లు పెట్టవు. ఈశాన్య ఋతుపవనం ముందొస్తే ముందు, ఆలస్యమైతే ఆలస్యంగా, అలలు అలలుగా వస్తాయి. ఒక ఏడు డిసెంబరు 20న, ఇంకో ఏడు జనవరి 25న ఒక్కసారి లెక్కపెట్టి పోల్చితే పోల్చింది పక్షులను కాదు, తేదీలను. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా పది రోజులకోసారి లెక్కపెట్టి ఆ సీజన్ అత్యధిక అంకెని తీసుకోండి. మొత్తం పదిహేను సందర్శనలు అవుతాయి. పదిహేను సందర్శనలు కాబట్టి పదిహేను ఆధారాలున్నాయని పట్టికలో పదిహేను వరుసలుగా వేసి నమూనా నడపకండి. అవన్నీ అవే గూళ్లు. ఒక చెరువుకి ఒక సీజన్, ఒక అంకె. ఈ పొరపాటు చేస్తే అవధి ఇంత సన్నగా వస్తుంది, ఏది వేసినా గెలిచినట్టే ఉంటుంది. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఉదయం ఆరున్నర, తొమ్మిది మధ్య, కట్ట మీద గుర్తు పెట్టిన అవే మూడు నాలుగు చోట్ల నుంచి చూడండి. పెద్ద పక్షి పడుకునో, గుడ్లో పిల్లలో కనబడుతూనో ఉంటేనే గూడుగా రాయాలి, ఉత్త పుల్లల కుప్పని రాయకూడదు. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ పాత గూళ్లు దూరానికి ఒకేలా ఉంటాయి, తెలియనివి తెలియనివిగానే రాయండి. చెట్ల కిందికి వెళ్లొద్దు, పడవ వేయొద్దు. పెద్దవి లేచాయంటే కాకులు గుడ్లు తన్నుకుపోతాయి, పదకొండు దాటాక అయితే ఎండకి పిల్లలు మాడతాయి. మనం కొలవడానికి వెళ్లి మనమే నష్టం పెంచినట్టవుతుంది. డ్రోన్ ఆలోచన వదిలేయండి. పక్కనే శ్రీహరికోట, షార్ చుట్టూ గగనతల ఆంక్షలు ఉంటాయి. పైగా పక్షుల మీద ఎగరేయడానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి.

ఎంత జాగ్రత్తగా చూసినా కొన్ని గూళ్లు ఆకుల చాటున తప్పిపోతాయి. ఆ తప్పు ఏటా ఒకే మోతాదులో ఉంటే పోలికకి నష్టం లేదు. మనిషి మారితేనో, బైనాక్యులర్ మారితేనో మారిపోతుంది. కాబట్టి సీజన్‌కి రెండుసార్లయినా ఇద్దరు విడివిడిగా, మాట్లాడుకోకుండా లెక్కపెట్టండి. అంకె వేసిన చెట్ల పటం మీద ప్రతి గూటినీ గుర్తు పెట్టండి. ఒకరికి 70, ఇంకొకరికి 66, ఇద్దరికీ కనబడినవి 60 అయితే నిజంగా ఉన్నవి 70 గుణించి 66, భాగించి 60, అంటే 77. మొదటి మనిషికి నూటికి 91 కనబడుతున్నాయి, రెండో మనిషికి 86. వచ్చే ఏడు మొదటి మనిషి ఊళ్లో లేక రెండో మనిషే లెక్కపెడితే దాదాపు ఆరు శాతం పక్షులు ఏ కారణం లేకుండా 'తగ్గుతాయి'. మీ ఫలితమే 16 శాతం ఉన్నప్పుడు ఆరు చిన్న అంకె కాదు.

(శేషాచలం వైపు పనిచేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. అక్కడ రాళ్ల గుట్టల మీది పసుపు గొంతు పికిలి లాంటి పిట్టకి గూళ్ల లెక్క కుదరదు. ఉందా లేదా అన్నదే నమోదు చేయాలి. ఒక్కసారి వెళ్తే కనబడే అవకాశం నూటికి 40 అనుకుంటే నాలుగుసార్లు వెళ్లినా ఉన్న పిట్ట కనబడకపోయే అవకాశం 13 శాతం. ఒక్కసారి వెళ్లి "ఇక్కడ లేదు" అని రాసేవాళ్ల పట్టికలు పోలికకి పనికిరావు. చోటుకి నాలుగు సందర్శనలు, ఒక్కోదాని ఫలితం విడిగా రాయడం, ఆపై 'ఆక్యుపెన్సీ' నమూనా (పిట్ట ఉండి కూడా కనబడకపోయే అవకాశాన్ని లెక్కలోకి తీసుకునేది). అక్కడ ఇదే దారి.)

నీటి సంగతికి వద్దాం. గూడబాతులకి చెట్టు కింద నీళ్లుండాలి, కుక్కలూ మనుషులూ రాకుండా ఆ నీరే కాపలా. రెండు చెరువుల్లో నీరు ఒకే తీరున లేకపోతే మన పోలిక కుంటుతుంది. అన్నిటికన్నా నమ్మదగింది తూము దగ్గర రంగుతో అంకెలు వేసిన కొలబద్ద. వారానికోసారి ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. గడిచిన ఏళ్లకు సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక చిత్రపు గడి 10 మీటర్లు, ఐదు రోజులకోసారి వస్తుంది. మనకి కావలసిన నవంబరు, డిసెంబరులోనే మబ్బు కమ్మి ఉంటుంది, అప్పుడు మబ్బులోంచి చూడగలిగే సెంటినెల్–1 రాడార్ చిత్రాలు వాడాలి. ఇంకో చిక్కు. కడప చెట్లు నీటిలో నిలిచి ఉన్నచోటనూ, గుర్రపుడెక్క పరుచుకున్నచోటనూ ఉపగ్రహానికి నీరు కనబడదు, పచ్చదనమే కనబడుతుంది. నిండిన చెరువుని సగం ఎండినట్టు చూపిస్తుంది. కొలబద్ద ఫొటోలు ఒక సీజన్‌వి ఉన్నా ఆ తప్పుని సరిచేసుకోవచ్చు.

నీటితో పాటు ఒక సాదా నోటుపుస్తకంలో ఇవి రాయండి: కలుజు పారిన తేదీ, చేపల వేలం ఎప్పుడు, వల వేసిన రోజులు, పూడిక తీసిన నెల, చుట్టూ కొత్తగా వచ్చిన రొయ్యల గుంటలు, దీపావళి టపాసులు ఎంత దగ్గరలో కాల్చారు. రెండు చెరువులకీ రాయాలి. మీ మంచెలు పెట్టిన ఏడాదే రెండో చెరువుని కొత్తవాళ్లు చేపలకి పాడుకుని ఉంటే, మీ 16 శాతంలో కొంత మీ గొప్ప కాదు, వాళ్ల వలల గోల.

ఇక్కడే అసలు కష్టమైన ప్రశ్న వస్తుంది. ఆ అదనపు గూళ్లు కొత్త పక్షులవా, పక్క చెరువు నుంచి తరలి వచ్చినవా? గూడబాతుకి 12 కిలోమీటర్లు ఒక లెక్క కాదు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడు పెట్టి మేతకి పులికాట్ దాకా పోయి వచ్చే పక్షి అది. రెండో చెరువు జంటలు పది మీ మంచెల మీదికి వచ్చాయనుకోండి. మీ అంకె పది పెరుగుతుంది, పోలిక చెరువు అంకె పది తగ్గుతుంది, మన భాగహారంలో ఫలితం రెట్టింపుగా ఉబ్బుతుంది. ఆ ప్రాంతంలో మాత్రం ఒక్క పక్షీ పెరగలేదు. అందుకే రెండు పనులు చేయండి. ఒకటి, ఇంకో మూడు నాలుగు చెరువుల్ని పోలికలో కలపండి, అందులో రెండైనా 40 కిలోమీటర్లకు అవతల ఉండాలి. దగ్గరి చెరువులు తగ్గి దూరంవి నిలకడగా ఉంటే వలస అనుమానం బలపడుతుంది. రెండు, చెరువులన్నిటి మొత్తాన్ని కూడా ఒక విడి వరుసగా రాయండి, నేలపట్టు లెక్కతో సహా. నేలపట్టు లెక్క సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. అక్కడ నీరు తక్కువైన ఏడాది మీ దగ్గర గూళ్లు పెరిగితే అది మీ ఊరికి సంతోషమే గానీ, దాన్ని పథకం ఫలితంగా చూపించకండి.

ఈ–బర్డ్ (పక్షులు చూసేవాళ్లు తమ జాబితాలు ఎక్కించే వెబ్‌సైట్) సమాచారం, జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన వాడొచ్చా అంటే, వాడొచ్చు. గూళ్ల లెక్కకి మాత్రం అవి ప్రత్యామ్నాయం కావు. ప్రాంతం మొత్తం ధోరణి తెలుసుకోవడానికే పనికొస్తాయి. నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది కాబట్టి వెనకటి కాలం దొరుకుతుంది, అయితే అది జనవరిలో ఒక రోజు తీసిన ఫొటో లాంటిది. ఆ రోజు ఫ్లెమింగోలు పులికాట్ అవతలి ఒడ్డున ఉంటే ఇవతల సున్నా. ఈ–బర్డ్‌లో అయితే చూసిన పక్షులన్నీ రాసిన పూర్తి జాబితాలనే తీసుకోండి, ఐదు గంటలు, ఐదు కిలోమీటర్లు దాటినవి వదిలేయండి. పక్షుల సంఖ్యని కాకుండా, నూరు జాబితాల్లో ఎన్నింటిలో గూడబాతు ఉందో చూడండి. పరిశీలకులు ఏటేటా పెరుగుతున్నారు, ఉత్త సంఖ్యలు వాళ్లతో పాటే పెరుగుతాయి. 942 జాతులతో వచ్చిన 2023 భారత పక్షుల స్థితి నివేదిక కూడా జాబితాల్లో కనబడే శాతాన్నే ఆధారం చేసుకుంది. సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల జాబితాలు మరీ పక్షులున్న చోటికే వెళ్లి రాసినవి, వాటిని విడిగా చూడటం మేలు.

సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు మీ దగ్గరున్నవి పన్నెండు అంకెలు. వాటికి వాన, నీరు, చేపల వేలం, మంచెలు, కాపలా అని ఐదు వివరణలు తగిలిస్తే ఏదో ఒకటి 'ప్రభావం చూపింది' అని వచ్చి తీరుతుంది. పన్నెండు అంకెలకి పైన చెప్పిన నిష్పత్తుల లెక్కే ఎక్కువ నిజాయితీ గలది. చెరువులు ఆరు, సీజన్లు ఎనిమిది దాటాక 'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మిశ్రమ నమూనాకి (చెరువు చెరువుకీ, సీజన్ సీజన్‌కీ ఉండే తేడాలను కూడా లెక్కలోకి తీసుకునేది) వెళ్లండి. గూళ్ల సంఖ్య ఫలితం, నెగటివ్ బైనామియల్ పంపిణీ (పక్షుల లెక్కల్లో చెల్లాచెదురు ఎక్కువ, మామూలుగా వాడే పాయిసాన్ పంపిణీ దాన్ని తట్టుకోలేదు), చెరువునీ సీజన్‌నీ యాదృచ్ఛిక అంశాలుగా పెట్టి, 'పని చేసిన చెరువు' గుణించి 'పని తర్వాత' అనే పదాన్ని చూడాలి. మీ సమాధానం ఆ ఒక్క గుణకంలోనే ఉంటుంది. మిగతా గుణకాలు వివరణ కోసమే. మొదలుపెట్టే ముందే ఏ నమూనా నడుపుతారో ఒక కాగితం మీద రాసి తేదీ వేయండి, అంకెలు చూశాక నచ్చిన నమూనా ఎంచుకునే ఆశ పుట్టదు.

ఈ ఏడు నివేదికలో ఇలా రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు: "పనుల తర్వాత మూడు సీజన్లలో గూళ్ల సగటు 62 నుంచి 95కి పెరిగింది. ఏ పనీ చేయని పోలిక చెరువులోనూ 39 నుంచి 52కి పెరిగింది. ఆ సాధారణ పెరుగుదల తీసేశాక మా చెరువులో అదనపు పెరుగుదల సుమారు 16 శాతం; 95 శాతం అవధి –4 నుంచి +39. అదనపు గూళ్ల సంఖ్య మంచెల మీది గూళ్ల సంఖ్యకి దగ్గరగా ఉంది. నాటిన మొక్కలు ఇంకా గూళ్లకి సిద్ధం కాలేదు. కాపలా ఫలితాన్ని ఇంకా కొలవలేదు, వచ్చే సీజన్ నుంచి 40 గూళ్లను వారం వారం గమనిస్తాం."

ఆ 40 గూళ్లలో 20 మంచెల మీదివి, 20 చెట్ల మీదివి ఉండేలా చూడండి, రెండో చెరువులో కూడా ఇంకో 20 తీసుకోండి. కాపలా ఉన్న చోటు, లేని చోటు రెండూ దొరుకుతాయి. తూము దగ్గర కొలబద్దకి రంగు వేయడం, చెట్లకి అంకెల బిళ్లలు కొట్టడం సెప్టెంబరులోపే అయిపోవాలి. అక్టోబరులో మొదటి జంటలు దిగాక చెట్ల జోలికి వెళ్లకూడదు.